అత్తమ్మ షర్బత్, రెండు గ్రాముల ఎసెన్స్

నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందరి గదిలోనే ఎండాకాలం గులాబీ షర్బత్ చేసి అమ్ముతాం. కలిపేది మా అత్తమ్మ. పాకం చల్లారాక ఎసెన్స్ వంచి, గరిటె తిప్పి, వాసన చూసేది. ఆమె ముక్కే మాకు కొలత.

రెండేళ్ల కిందట ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత వారమే, కల్హేర్ నుంచి ఎప్పుడూ వచ్చే ఒకామె సీసా వాపసు తెచ్చింది.

"గిదేందమ్మా, సబ్బు నాకినట్టున్నది."

చుక్క నాలుక మీద వేసుకున్నాను. నిజమే, ఎసెన్స్ ఎక్కువై చేదెక్కింది. అత్తమ్మ మాత్రం "మంచిగనే ఉన్నది" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొయ్యి మీద పాలు మాడుతున్నాయి. పక్కనే చింతపండు పిక్కలు తీస్తున్న అత్తమ్మ కదలలేదు. పాలగిన్నె దించి ఆమె ఎదుట కూర్చున్నాను.

"వాసన వస్తలేదా అత్తమ్మా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. "జ్వరం వచ్చినకాడికెళ్లి ఏదీ వస్తలేదు. చెప్తే ఇగ కలపనియ్యవని చెప్పలే."

దవాఖానలో కొన్నాళ్లు ఆగి చూడమన్నారు. అప్పటిదాకా కలపడం నా మీద పడింది. మొదట చుక్కలు లెక్కపెట్టాను. సీసా తలకిందులుగా పట్టుకుంటే పెద్ద చుక్క, ఏటవాలుగా పట్టుకుంటే చిన్నది. నలభై చుక్కలే రెండుసార్లు వేస్తే రెండు రుచులు వచ్చాయి. చివరికి బంగారం తూచే చిన్న కాంటా తెచ్చాను. అత్తమ్మ జ్వరానికి ముందు కలిపిన సీసా ఒకటి మిగిలింది. దానితో పోల్చుకుంటూ, ప్రతిసారీ ఒక్క గ్లాసు పాకంతోనే కలిపి, ఒక రోజు మూతపెట్టి ఉంచి రుచి చూశాను. నాలుగోసారికి కుదిరింది: కిలో పాకానికి రెండు గ్రాములు.

కాంటా చూసి అత్తమ్మ మొహం చిట్లించింది. "గీ డబ్బ చెప్తే నేను ఇనాల్నా?"

"ఇది నీ చెయ్యే అత్తమ్మా. నువ్వు అప్పుడు పోసిందే తూకం పట్టిన."

అత్తమ్మ తనే సీసా అందుకుంది. కాంటా మీద పెట్టిన చిన్న గిన్నెలోకి పోస్తూ, అంకె రెండు దగ్గరికి వస్తుంటే ఒక్కో చుక్కే వదిలింది. గిన్నెకు అంటుకున్న ఎసెన్స్ కూడా పాకంతో కడిగి పోసింది. అది నాకు తోచనే లేదు.

ఇప్పుడు ఆమే కలుపుతుంది, నేను రుచి చూస్తాను. మొన్న కొత్తిమీర తుంచుతూ, నేను అడగకముందే చెప్పింది: "గీ వాసన కొంచెం కొంచెం వస్తున్నది గని, గులాబీ ఇంకా వస్తలేదు."