ఇసుక డబ్బా పట్టుకున్న తాడు

రాగి తీగ మనిషి ప్రాణం తీస్తుందని మీలో ఎవరు నమ్ముతున్నారు, చెప్పండి?

గోవింద్‌పూర్ కాలనీలో మన పైడిరాజు గారు మొన్న మంగళవారం గుండెపోటుతో పోయారు. నేనింకా ఆ వార్త నుంచి తేరుకోలేదు. ఈలోగా ఇరుగుపొరుగు కారణం కనిపెట్టేశారు: మేడమీది ఏరియల్! పెద్దకర్మలోపు దింపేయాలట. మూడేళ్లుగా ఆయన మింగిన గుండె మాత్రలు ఎవరికీ గుర్తులేవు.

ఆయన గమ్హరియాలో మోటార్లకు తీగ చుట్టే కార్మికుడు. పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని, ఇంటి నుంచే దూరాలవాళ్లతో మాట్లాడే అమెచ్యూర్ రేడియో మనిషి. కొనే స్తోమత లేక ఏరియల్ తానే కట్టుకున్నారు. కాలిన మోటార్ల నుంచి విప్పిన రాగి తీగ, మధ్యలో కూరలు తరిగే ప్లాస్టిక్ పలక ముక్క. అటూ ఇటూ మూడేసి తీగలు: ఒకటి పొడుగు, రెండోది అందులో సగం, మూడోది ఆ సగంలో సగం. గదిలోకి దిగే కేబుల్ ఒక్కటే. దానితోనే మూడు బ్యాండ్లలో, అంటే మూడు రకాల తరంగాల మీద మాట్లాడేవారు.

కట్టేటప్పుడు, ఎక్కువైన తీగ కోయబోయాను. చెయ్యి పట్టుకున్నారు. "కొయ్యకండి మాస్టారూ! మడతెట్టండి. రేపు పొడుగు కావాలంటే ఏటి సేత్తారు, మీ ఉపన్యాసం అతుకేత్తారా?"

దాన్ని పైకెత్తే రోజు, రెండో కొసన తాడు పట్టడానికి నన్ను రమ్మన్నారు. బిష్టుపూర్‌లో మూఢనమ్మకాల మీద నా సభ ఉంది. వెళ్లలేదు. ఆయన కాలనీలో అడిగితే "నెత్తిమీద తీగంటే అరిష్టం బాబూ" అన్నారొకరు. "పాగల్ హో గయా క్యా?" పిచ్చెక్కిందా అని హిందీలో అడిగి నవ్వారు ఇంకొకరు.

సాయంత్రం వెళ్లేసరికి ఏరియల్ పైన ఉంది. కప్పీ మీదుగా దిగిన తాడు కొసకు ఇసుక నింపిన పెయింటు డబ్బా వేలాడుతోంది.

"ఎవలూ రానేదు మాస్టారూ. డబ్బా అయితే మీటింగులకెల్లదు" అని నవ్వారు.

రోజూ ఉదయం రేడియోలో పిలిచేవారు. ఎక్కడో ఎవరో పలికేవారు. "దగ్గిరోడు అందడు, దూరమోడే అందుతాడు. రేడియో గుణమది" అనేవారు. రేడియో గుణమేనా? మన గుణం కాదూ?

నిన్న వెళ్లాను. రేడియో మీద తువ్వాలు కప్పి ఉంది. ఆయన భార్య నరసమ్మ గారు డబ్బా వైపు చూపించారు.

"అప్పుడు తాడట్టుకోడానికి ఒక్కలూ రానేదు. ఇప్పుడు దింపడానికి అందరూ వత్తన్నారు బాబూ. ఉంచండంటే నాకు పిచ్చంటన్నారు."

మూఢత్వాన్ని వాళ్లకే అంటగట్టి చేతులు దులుపుకోలేను. నేను వేదికెక్కి గొంతు చించుకున్న పూట ఆ మనిషికి తోడు నిలిచింది ఇసుక. అలాంటి మనిషి మనకు మళ్లీ దొరకడు.

ఆదివారం ఉదయం ఎనిమిదికి దింపేవాళ్లు వస్తున్నారు. మీరు ఏడుకే రండి. సంతాప తీర్మానాలు వద్దు. డబ్బా విప్పి, ఏరియల్ కిందికి దిగకుండా ఆ తాడు మీరు పట్టుకోండి.