గోవిందరాజులు బావ, రెండు కార్బురేటర్లు

మా గోవిందరాజులు బావ నోట "అయిపోయింది" అనే మాట వచ్చేది కాదు. ఏ పని అప్పజెప్పినా, ఎన్నాళ్ల తర్వాత వెళ్లి అడిగినా "ఇంకొక్క పిసరుంది" అనేవాడు. బందరులో మా ఇంటికి ఎదురుగా ఆయన కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. చుట్టరికం ఏమీ లేదు. ఎదురెదురు ఇళ్లవాళ్లం కాబట్టి బావలమయ్యాం, అంతే.

గడ్డం గీసుకుంటే చెవి కింద ఒక పిసరు మిగిలేది. కాఫీ తాగితే గ్లాసులో ఒక పిసరు మిగిలేది. ఆయన భార్య సుబ్బులమ్మక్కయితే పెళ్లి సంగతే చెప్పేది.

"మూడో ముడి వదులుగా వేశారు తమ్ముడూ. బిగించండీ అంటే, ‘ఉండు, ఒకసారి ఆడించి చూద్దాం’ అన్నారు."

యాభై ఎనిమిదిలో గుడివాడ నుంచి నాగభూషణరావుగారు తన ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును ఆ షెడ్డుకు తెచ్చారు. రెండే సీట్లు, టాపు లేదు, కూర్చుంటే నేల చేతికందుతుంది. ఆయన మద్రాసులో కారు పందేలు చూసొచ్చారు. అప్పట్నుంచీ ఒక్క కార్బురేటరున్న తన ఇంజనుకు రెండు పెట్టించాలని ఒకటే మోజు. కావలసిన సామాను చెక్కపెట్టెలో వెంట తెచ్చుకున్నారు.

"రెండు పెడితే ఏమవుతుందండీ?" అని అడిగాను.

"ఇప్పుడు పరిగెడుతోంది. అప్పుడు ఎగురుతుంది. కరకట్ట మీద, కృష్ణ పక్కన కనబడుతుండగా, అవనిగడ్డ దాకా ఆపకుండా ఒక్కసారి తోలాలండీ," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే నాకే వెళ్లాలనిపించింది.

బావ రెండూ బిగించాడు. కార్బురేటరంటే ఇంజనుకు ముక్కులాంటిదని నాకు పాఠం చెప్పాడు. రెండు ముక్కులూ సమంగా పీల్చాలి. రెండింటినీ కలుపుతూ ఒక కడ్డీ ఉంటుంది. కాలితో యాక్సిలరేటరు నొక్కితే ఆ కడ్డీ తిరిగి, రెండింటి తలుపులూ ఒకేసారి తెరుచుకోవాలి. అది తేల్చడానికి బావ రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొన ఒక్కో కార్బురేటరు మూతి దగ్గరా పెట్టి వినేవాడు.

"కుడిది బుస్సుమంటోంది, ఎడమది ఉస్సుమంటోంది. ఇంకొక్క పిసరుందండీ," అనేవాడు.

ఆ గొట్టం పిచ్చి ఎంత ముదిరిందంటే, వీధిలో పోయే ఎడ్లబండిని ఆపి రెండు ఎడ్ల ముక్కుల దగ్గరా పెట్టి విన్నాడు. "కుడిది ఎక్కువ పీలుస్తోందయ్యా, చూసుకో," అని బండివాడికి చెప్పి పంపించాడు.

ఈలోగా నాగభూషణరావుగారికి కళ్లలో నీటికాసులొచ్చాయి. మద్రాసు డాక్టర్లు కూడా పెదవి విరిచారు. భార్య విజయకుమారిగారి చెయ్యి పట్టుకుని బస్సులో వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ చూపు మరికాస్త తగ్గి ఉండేది. ముందు చేతి గడియారం కనబడడం మానేసింది, తర్వాత మనుషులు. కారు మీద ఆశ మాత్రం ఆవగింజంత కూడా తగ్గలేదు.

"అయిందా రాజులూ?"

"ఇంకొక్క పిసరుందండీ."

"సరే, కానీ. అయ్యాకే తోలతాను."

కాసేపు సీట్లో కూర్చుని, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, మళ్లీ బస్సుకు వెళ్లిపోయేవారు. నాకు బావ మీద ఒళ్లు మండేది. ఆ మనిషి చూపు పూర్తిగా పోకముందే పని ముగించి చావొచ్చు కదా!

ఒక ఉదయం అడిగేద్దామని షెడ్డుకు వెళ్లాను. ఇంజను తిరుగుతోంది. వీధి చివర గుడివాడ బస్సు మనుషుల్ని దింపి కదిలిన చప్పుడు వినబడగానే బావ స్పానరు తీసి, కడ్డీ నట్టు కాస్త వదులు చేశాడు. అప్పటిదాకా హాయిగా తిరుగుతున్న ఇంజను దగ్గడం మొదలుపెట్టింది.

"ఇదేం పని బావా? బాగున్నదాన్ని చెడగొడుతున్నావేంటి?"

"నెమ్మదిగా మాట్లాడు. ఇది అయి చాలా కాలమైంది," అన్నాడు. "కారు బాగవక ఆగిపోయాననుకుంటే ఆయనకు ఆశ ఉంటుంది. కళ్లు పోయి ఆగిపోయాననుకుంటే మనిషి కూలబడిపోతాడు బావా."

ఇంతలో దంపతులిద్దరూ గుమ్మంలోకి వచ్చారు. రావుగారు "అయిందా?" అని అడగలేదు. చెయ్యి చాపి గొట్టం తీసుకున్నారు. ఒకదాని దగ్గర విన్నారు, రెండోదాని దగ్గర విన్నారు, నవ్వారు.

"రాజులూ, నేను బస్సు దిగినప్పుడు రెండూ ఒక్కలాగే వినబడతాయి. నీ గుమ్మం తొక్కేసరికి తేడా వస్తుంది. నా కాలి మహిమంటావా?"

"తెలిసి కూడా అడగలేదేంటండీ?" అన్నాడు బావ.

"నువ్వు అయిపోయిందంటే, నేను తోలలేనని ఒప్పుకోవాలిగా. ఆ పిసరేదో నాకూ కావాల్సొచ్చిందయ్యా."

బావ కండువాతో మొహం తుడుచుకున్నాడు. వంగి నట్టు బిగించాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి "అయిపోయిందండీ. ఎక్కండి," అన్నాడు.

విజయకుమారిగారు మంచినీళ్లు తెచ్చిన సుబ్బులమ్మక్క వైపు తిరిగి కూర్చుని, "నేనేమీ చూళ్లేదు, నన్నేమీ అడక్కండి," అన్నారు.

బావే తోలుకుంటూ మంగినపూడి దగ్గర పర్రలోకి తీసుకెళ్లాడు. అదంతా చవిటి నేల, ఎండకు గట్టిపడి ఉంది. కనుచూపు మేర గుద్దుకోవడానికి చెట్టూ పుట్టా ఏమీ లేవు. కారులో రెండే సీట్లు కాబట్టి నేను సైకిలు మీద వెంటపడ్డాను. రొప్పుతూ చేరేసరికి ఇద్దరూ సీట్లు మారారు. స్టీరింగు దగ్గర రావుగారు, పక్కన ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి బావ.

రావుగారు యాక్సిలరేటరు నొక్కారు. రెండు కార్బురేటర్లూ ఒక్క ఊపిరిగా పీల్చాయి. ఇప్పుడు బందరు నిండా కార్లే. ఒక్కదాని చప్పుడుకైనా నేను వీధిలోకి రాను. ఆ చప్పుడు మాత్రం మళ్లీ ఒక్కసారి వినాలని ఈ వయసులో కూడా ప్రాణం కొట్టుకుంటుంది.

కారు నెమ్మదిగానే పోతోంది. నేను పక్కనే తొక్కుతున్నాను.

"ఎంతలో ఉన్నాం రాజులూ?" గాలికి ఎదురుగా మొహం పెట్టి అడిగారు రావుగారు.

"అరవైలో అండీ."

"మరి పక్కన సైకిలు చైను చప్పుడేంటి?"

బావ నా వైపు చూశాడు.

"మా బావ మహా గట్టిగా తొక్కుతాడండీ!"

రావుగారు తల వెనక్కి వాల్చి నవ్వారు. నేను తొక్కడం ఆపేశాను. కారు అరవైలో వెళ్లిపోయింది.