గాయం మీద కాగితం పీలిక

బైండింగు షాపాయన చేతులనిండా గీతలే. మైదా జిగురు ఉడికే వాసనకి వీధిపిల్లి వస్తుంది, గిన్నె అంచు నాకుతుంది, పక్కకి నెడితే గీరుతుంది. ఆయన వెంటనే ఓ సన్నటి కాగితం పీలిక చించి, జిగురు రాసి, చిరిగిన పేజీని సరిచేసినట్టే ఆ గీత మీద అతికించి బొటనవేలితో ఒత్తుతాడు. "ఏమండీ, పిల్లి గీరినా రేబిస్ వస్తుందట, ఇంజెక్షన్లు వేయించుకోండి" అని భార్య మొత్తుకుంటుంది. "మన పిల్లేగా, ఏం కాదే" అని నవ్వేస్తాడు.

ఇవాళ పిల్లి జిగురు వైపే చూడలేదు. మూలన నక్కి చొంగ కారుస్తున్నదల్లా ఉన్నట్టుండి ఎగిరి, ఆయన మణికట్టు రక్కి వీధిలోకి పరిగెత్తింది. ఆయన పీలిక చించాడు గానీ, రక్తం ఆగక అది అంటుకోలేదు. భార్య తిట్టుకుంటూ ఆసుపత్రికి లాక్కెళ్లింది. నర్సు పాత పీలికలన్నీ ఊడదీసి, కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగించింది.

"గాయాన్ని ఇలా మూసేస్తారా ఎవరైనా?"

"బాగా గడ్డి పెట్టమ్మా" అంది భార్య.

"ఇంట్లో ఇంకెవరినైనా గీరిందా?"

ఆయన మెల్లిగా భార్య చెయ్యి అందుకుని తిప్పాడు. నిన్న పిల్లికి పాలు పోస్తుంటే గీరినచోట, ఆయనే ముచ్చటపడి అతికించిన పూల కాగితం పీలిక.

"నాదేముంది, ముందు ఆయనకి వేయండి" అంటూ ఆవిడ చెయ్యి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. గోటితో అంచు లేపాలని చూశాడు. ఎంత గీకినా ఊడి రాలేదు.