పొట్లకాయలకు కట్టిన నట్లు

1978 వానాకాలం. టాటానగర్ యార్డులో నేను పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌ని. అంటే పట్టాలు, వాటి కింది స్లీపర్లు, కంకర, వాటిని పట్టి ఉంచే ఇనుప సామాను, అన్నిటికీ జవాబుదారీ నాది. నా గ్యాంగుమేన్లు బాగ్‌బేరా క్వార్టర్లలో ఉండేవారు. ప్రతి క్వార్టరు వెనకా చిన్న పెరడు.

ఆ నెల స్టోర్సు తనిఖీ ఉందని కబురు వచ్చింది. నేను తిరిగి అప్పగించవలసిన ఫిష్‌బోల్టు నట్లు తక్కువ పడ్డాయి. రెండు పట్టాల కొసలను కలిపే ఇనుప పలకను ఫిష్‌ప్లేటు అంటాం. దాన్ని బిగించే నట్లు ఇవి. ఎవడో ఒక దొంగ దొరికితే నా మీద మాట రాదు గదా అనుకుంటూ తిరుగుతున్నాను. అలాంటి చూపుతో వెళ్లాను కనుక, అప్పలస్వామి పెరట్లో పచ్చటి పందిరి నా కంట పడలేదు. దానికింద వేలాడుతున్న నట్లే కనిపించాయి.

అప్పలస్వామి మా గ్యాంగులో పనివాడు, బొబ్బిలి వైపు మనిషి. అతని భార్య పైడమ్మ ఆ పెరట్లో పొట్లపాదు పెంచి, కాయలు బుట్టలో పెట్టుకుని బస్సెక్కి టెల్కో కాలనీలో తెలుగువాళ్ల ఇళ్లకు అమ్మేది. పొట్లకాయను దాని మానాన వదిలితే చుట్టలు చుట్టుకుపోతుంది. కొసకు బరువు కడితే తిన్నగా సాగుతుంది. మన వైపు రాయి కడతారు. పైడమ్మ అరటినారతో కాయకో నట్టు కట్టింది.

"ఏమిటివి?" అన్నాను.

"పొట్లకాయలు బాబూ. అమ్మగారికి రెండు పట్టుకెల్తారా?"

"కాయల సంగతి కాదు. రైల్వే నట్లు దొంగిలించి పందిరికి తోరణాలు కట్టావా?"

అప్పలస్వామిని పనిలోంచి పిలిపించాను. వెనకే గ్యాంగంతా వచ్చింది. అందరి ముందూ అతని చేతే ఒక్కొక్క నట్టూ తెంపించి గోనెసంచిలో వేయించాను. "గల్తీ హో గయా సాబ్, తప్పయిపోయింది" అని మాత్రం గొణిగాడు. పొద్దున్నే రైల్వే పోలీసులకు, అదే ప్రొటెక్షన్ ఫోర్సుకు, అప్పగిస్తానన్నాను. అప్పగిస్తే కేసు. కేసంటే అతని ఉద్యోగం పోయినట్టే.

పైడమ్మ ఏడవలేదు. "దొంగతనం అంటన్నారు గదా. ఎక్కడ సేసినానో సూపిత్తాను, రండి" అంది.

కంచె దాటి, వాడకం తగ్గిన పాత సైడింగు లైను పక్కన మోకాలెత్తు గడ్డిలోకి తీసుకెళ్లింది. "మా మేక కాలు కోసుకుంది ఇక్కడే. ఏటా అని సూత్తే ఇనప ముక్కలు. పారేసినారనుకుని ఏరినాను బాబూ."

కాలితో గడ్డి తొక్కి చూశాను. తుప్పు పట్టిన నట్లు, బోల్టులు ఇంకా ఉన్నాయి. పట్టాలు మార్చినప్పుడు దిగిన పాత సామానును రిలీజ్డ్ మెటీరియల్ అంటాం. దాన్ని ఏరించి స్టోర్సుకు చేర్చవలసినవాణ్ణి నేనే. చలికాలంలో అక్కడ పని చేయించి, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. వానలు పడ్డాయి, గడ్డి పెరిగింది, నేను మరిచాను.

ఆ మాట అక్కడే ఒప్పుకోవలసింది. నోరు రాలేదు. "సరే, ఈసారికి వదిలేస్తున్నాను" అన్నాను, క్షమించేవాడిలా.

"మరి కాయలకేటి కట్టమంటారు? ఈ కంకర్రాయి కడదునా?"

"అది బల్లాస్ట్. రైల్వేదే."

"ఇటిక ముక్క?"

"క్వార్టరుది. అదీ రైల్వేదే."

"బొగ్గు సిట్టెం?"

"మా ఇంజన్లలోంచి రాలిందే. అదీ రైల్వేదే."

"అయితే ఈ బాగ్‌బేరాలో రైల్వేది కానిది నా పొట్లకాయొక్కటేనన్నమాట!" అంది. గ్యాంగులో ఎవడో కిసుక్కుమన్నాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం పైడమ్మ మా గుమ్మంలో మా ఆవిడ ముందు బుట్ట దించింది. కాయలన్నీ జిలేబీల్లా మెలితిరిగి ఉన్నాయి.

"కట్టిన బరువులు తీయించేసినారు, ఇలా సుట్టుకుపోనాయి. టెల్కో అమ్మగార్లు ఒద్దన్నారమ్మా. తరగడానికి రావట, సూత్తే బయమట. దసరాకి పిల్లకి కుట్టుమిషను కొందామనుకున్నాను. ఈ పాదు మీదే ఆశెట్టుకున్నాను."

మా ఆవిడకు జరిగింది తెలీదు. "బరువులు తీయించిన ఆ మహానుభావుడెవరే?" అంది.

పైడమ్మ నా వైపు చూడను కూడా లేదు. "ఎవలో ఒక బాబులెండమ్మా."

తిట్టినా తట్టుకునేవాణ్ణి. నన్ను కాపాడటం తట్టుకోలేకపోయాను.

ఆదివారం సైకిలేసుకుని ఖర్కాయి నది ఒడ్డుకు వెళ్లి, చేతికి ఇమిడే గుండ్రాళ్లు ఏరి సంచీ నింపాను. మర్నాడు హాజరు వేళ గ్యాంగు ముందు ఆ సంచీ దించి, "ఆ నట్లు గడ్డిలో వదిలేసింది నేను. అప్పలస్వామిని దొంగ అన్నదీ నేనే. తప్పు నాది" అన్నాను. తనిఖీకి వచ్చినవాళ్లకూ అదే చెప్పాను. నాకు రావలసిన చీవాట్లు నాకే వచ్చాయి.

అప్పలస్వామి ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "సాబ్, ఇవి రైల్వే బ్రిడ్జి కింద ఏరినవి కావు గదా?"

గ్యాంగంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ యార్డులో వాళ్లతో కలిసి నవ్వడం నాకు అదే మొదలు.

కొత్త పిందెలు తిన్నగా సాగాయి. కుట్టుమిషను దసరాకు కాదుగానీ దీపావళికి వచ్చింది. మరుసటి వానాకాలం పందిరికింద రాళ్లు లేవు. ఏటి ఇసక నింపిన చిన్న చిన్న గుడ్డ సంచులు, పూలవీ, గళ్లవీ, కాయకొకటి ఊగుతున్నాయి.

"రాళ్లయితే నార జారిపోతంది బాబూ. మా పిల్ల కుట్టింది" అంది పైడమ్మ. "అన్ని రంగులూ ఏసినాం. ఎరుపూ పచ్చా మాత్రం ఏయలేదు. మీ జెండా గుడ్డలంటారేమోనని!"

ఆ తర్వాత నా సర్వీసులో సామాను చాలాసార్లు తక్కువ పడింది. ఎవరి పెరట్లోకీ తొంగిచూడలేదు. ముందు నేను పని చేయించిన చోటికే వెళ్లి, గడ్డి తొక్కి చూసుకునేవాణ్ణి. చాలాసార్లు అక్కడే దొరికేవి.