మాట్లాడినవాళ్ల పేర్లు

నేను ఏడో తరగతిలో చదువు ఆపేశానని చెప్పుకుంటాను గానీ, మా సార్లను కదిలిస్తే “అసలు మొదలెప్పుడు పెట్టిండు?” అంటారు. అలాంటి నన్ను 2023 వానాకాలంలో, ఆర్మూర్‌లో ఒక సర్కారు హైస్కూలువాళ్లు విద్యార్థుల సభకు పిలిచారు. సంబరపడకండి, ఉపన్యాసానికి కాదు. మైక్ సెట్ పెట్టడానికి.

పసుపు మార్కెట్ పక్కనే నా దుకాణం. పెళ్లయినా, ఓట్లయినా, తప్పిపోయిన బర్రె అయినా నా బాక్సులే మోగాలి. సీజన్లో లేచే దుమ్ముకు వాటి జాలీలు పసుపు రంగుకు తిరిగాయి. తుడవడానికి నాకు బద్ధకం. పెళ్లివాళ్లేమో శుభమని మురిసిపోతారు.

ఆ బడికి కొత్తగా వచ్చిన పెద్ద మేడం ఒక పని మొదలుపెట్టింది. శనివారం చివరి గంట పిల్లల సభ. వాళ్లే లీడర్‌ను ఎన్నుకోవాలి, ఏ పాఠం అర్థం కాలేదో, బడిలో ఏం లోటుందో వాళ్లే చెప్పాలి. కొందరు సార్లకు అది నచ్చలేదు. ఆ గంట పదో తరగతికిస్తే నాలుగు లెక్కలైనా వస్తాయన్నారు. తన పిల్లలూ అక్కడే చదివే బడి కమిటీ చైర్మన్ మధ్యేమార్గం చెప్పాడు: ఒకసారి తల్లిదండ్రుల ముందు సభ పెట్టండి, పిల్లలు నోరు తెరిస్తే ఉంచుదాం, లేకుంటే ఎత్తేద్దాం.

నేను వైర్లు పరుస్తుంటే లీడర్ వచ్చింది. తొమ్మిదో తరగతి. తండ్రి మస్కట్‌లో, తల్లి బీడీలు చేస్తుంది. పేరు మౌనిక, ఆ పేరు పెట్టినవాళ్లు తొందరపడ్డారు.

“మైక్ కాకా, ఆఖరి లైన్ల మాట్లాడితే ముందట కూసున్న అమ్మోళ్లకు వినవడ్తదా?”

“పక్క మండలం మెండోర దాకా వినవడ్తది. ఏం సంగతి బిడ్డా?”

“ఆడపిల్లల బాత్రూంల నీళ్లు రావు. నేనొక్కదాన్నే జెప్తే, లీడర్ గదా గట్లనే అంటది అంటరు. చిన్నపిల్లలే చెప్పాలె.”

సభ మొదలైంది. ముందు తల్లులు, వెనక పిల్లలు, గోడవారగా సార్లు. మౌనిక వేదిక ఎక్కింది. ఎవరు ఏం చెప్పారో రాసిపెట్టుకోవడానికి సుద్దముక్క తీసి, బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: ‘మాట్లాడినవాళ్ల పేర్లు’.

అంతే. అప్పటిదాకా ఈగల్లా ముసురుకున్న గుసగుస టక్కున ఆగిపోయింది.

“ఎవలు మాట్లాడ్తరు?” అంది మౌనిక. ఒక్కరూ కదల్లేదు.

మా పనిలో లెవెల్ చెక్ అని ఒకటుంటుంది. మనిషి మాట్లాడుతుంటే ఆ గొంతును బట్టి గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పట్టే శక్తిని, సరిచేసుకుంటాం. మాటే లేకుంటే దేన్ని సరిచేయాలి? కొంచెం పెంచాను. బాక్సు కుయ్యిమంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు: బాక్సులోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులో దూరి కూత పెట్టడం. చైర్మన్ గడియారం చూసుకున్నాడు. పెద్ద మేడం ముఖంలో నెత్తురు లేదు. ఏం తప్పు జరిగిందో మౌనికకు తెలియడం లేదు.

నాకు తెలిసింది. ఎందుకంటే ఆ మాటల కింద నా పేరు పర్మినెంటు. మన బళ్లలో సారు బయటికి పోతే లీడర్ బోర్డు మీద రాసేది అవే మాటలు. సారు తిరిగి వచ్చేది బెత్తంతో. లీడరంటే పేర్లు రాసేవాడనే కదా పిల్లలకు తెలిసింది!

మైకు అందుకున్నాను. “మౌనికా, నా పేరు రాయి.”

“నీదెందుకు కాకా?”

“మాట్లాడిన గదా! దెబ్బలు ఇప్పుడా, సభ అయినంకనా?”

పిల్లలు గొల్లున నవ్వారు. మౌనిక బోర్డు వైపు తిరిగి చూసి నాలుక కరుచుకుంది. తరవాత నిదానంగా ‘మైక్ కాక’ అని రాసి, “ఏం తక్లీఫ్?” అంది.

“మీ ప్లగ్గు వదులుంది. రెండుసార్లు షాక్ కొట్టింది.”

అదీ నా పేరు పక్కన రాసింది. “ఇయ్యాల పేరు ఎక్కితే దెబ్బలు లేవు, పని అయితది. ఇంకెవలు?”

ఒక పిల్లగాడు లేచాడు. “అక్కా, నా పేరు రాయి. లెక్కల సార్ జల్ది జల్ది చెప్తడు. మల్లడిగితే ‘నిద్రవోయినవా రా?’ అంటడు.”

అందరి కళ్లూ సారు మీదికి తిరిగాయి. ఆయన చెవి గోక్కుని, “నిద్రవోయినోనికి గూడ మల్ల చెప్త తియ్,” అన్నాడు. ఇక చేతులు లేచాయి.

కార్డ్‌లెస్ మైకు చేతులు మారి చివరి వరసకు చేరింది. ఆరో తరగతి పిల్ల దాన్ని పట్టుకుంది. తన ఊపిరి బాక్సులోంచి బుస్సుమని వినబడేసరికి బిక్కచచ్చిపోయింది. నేను మళ్లీ గెయిన్ పెంచాను. మళ్లీ కూత.

“బంద్ చెయ్యి కాకా!” అని మౌనిక వేదిక దిగి, పోయి ఆ పిల్ల పక్కన కూర్చుంది. “మైకుకు గాదు, నాకు చెప్పు.”

“నేను బడిల నీళ్లు తాగనక్కా. తాగితే బాత్రూం పోవాలె. అండ్ల నీళ్లుండయ్.”

మైకు లేకుండానే ముందు వరస దాకా వినబడింది. ఆ పిల్ల తల్లి దిగ్గున లేచింది. “గందుకేనా పొల్లా, ఇంటికి రాంగనే చెంబెత్తుతవ్? నేను ఎండ తాకిందనుకుంటున్న!”

“నాకెవ్వలు చెప్పలే గదమ్మా,” అన్నాడు చైర్మన్.

“ఇగో, ఇప్పుడు చెప్పింది గదా!” అంది ఆ తల్లి.

వారం తిరగకుండా పైపు పడింది. శనివారం గంట అలాగే ఉండిపోయింది. పంద్రాగస్టుకు మళ్లీ మైకు పెట్టడానికి పోతే, అదే ఆరో తరగతి పిల్ల సీసా ఎత్తి గటగటా తాగుతూ కనిపించింది. అది చూశాక నా గొంతు కూడా చల్లబడింది.

చిన్న గొంతు వినబడితే శబ్దం పెంచాలనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ముందు ఆ గొంతు ఎందుకు మూసుకుందో చూడాలని ఆ సభ రోజు తెలిసింది. సభ అయ్యాక వైర్లు చుట్టుకుంటూ మౌనికను కొంచెం గెలికాను: “ఇంత మంచి మైకు బంద్ చేయిస్తివి. ఇగ నన్నెందుకు పిలిచినట్టు బిడ్డా?”

“మొదటి పేరు రాసేటందుకు ఎవలో ఒకలు కావాలె గద, కాకా!”