పచ్చి సాలు

పెద్ద రాజ్యాల అవసరాలేమిటో నాకు ఏ బడీ చెప్పలేదు. పాత పేపర్లు, అరువు పుస్తకాలు కూడబలుక్కుని చదివి తెలుసుకున్నాను. చైనా ఎర్రబడుతోందట, ఆ ఎరుపు ఇక్కడ నిలవకూడదట. ఢిల్లీకి పుట్టిన అంత పెద్ద భయం వచ్చి మా రెండెకరాల జొన్నచేను మీద పడింది.

కోదాడ నుంచి సూర్యాపేట పోయే బాట పక్కనే ఉండేది ఆ చేను. దొర గుంజుకుంటే కమ్యూనిస్టుల సంఘం మాకు తిరిగి ఇప్పించింది. బెజవాడ వైపు నుంచి సైన్యం వచ్చి రజాకార్లను తరిమిన రోజు, మా అమ్మ ఆ బాట మీద నిలబడి సిపాయిలకు చల్ల పోసింది. మా కష్టాలు తీరాయనుకున్నాం. ఎంత పొరపాటు! రజాకార్లు పోయారు, సైన్యం పోలేదు. పారిపోయిన దొర వాళ్ల జీపులోనే తిరిగొచ్చాడు.

మరుసటి ఏడు జొన్న పాలకంకి మీద ఉండగా మిర్యాలగూడ క్యాంపు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. బాట పక్క పైరులో మనుషులు దాక్కుంటున్నారు, కోసేయాలన్నాడు. ఆయన మాటను దొర గుమాస్తా తెలుగులో చెప్పాడు: "రష్యావోళ్ల మనుషులను దాస్తున్నరంట, యాడున్నరో చెప్పు."

"రష్యా ఏ దిక్కయ్యా? గరిడేపల్లి అవతలనా?" అంది అమ్మ. "నా చేన్ల ఉన్నయి పిట్టలే. పట్టుకపొమ్మను."

సాయంత్రానికి చేను బోడిదైంది. గుమాస్తా పోతూ పోతూ, "ఇగ పైరు లేదు గద, రేపు దొర నాగళ్లొస్తయి" అన్నాడు. మా దిక్కు కట్టు అది: ఒకరి పైరున్న చేలో ఇంకొకరు నాగలి పెట్టకూడదు. బోడి చేనుకు ఆ రక్షణ లేదు.

నాయన గట్టు మీద కూలబడ్డాడు. అమ్మ కొంగు బిగించింది. "కూసుంటె చేను పోతది. లెవ్వు, శనగలు విత్తుదాం."

తెల్లారేసరికి ఇరుగుపొరుగు వాళ్లు ఎడ్లు, గొర్రు, చేటల్లో విత్తనాలు తెచ్చారు. కోసిన జొన్న కొయ్యకాళ్లు పెరికేవాళ్లు ముందు, వాళ్ల వెనక గొర్రు తోలుతూ నేను, గింజ పోస్తూ అమ్మ.

పొద్దెక్కాక దొర నాగళ్లు వచ్చాయి. పట్టినవాళ్లు దొరకు కూలి లేకుండా చాకిరీ చేసే మా ఊరివాళ్లే. సాళ్లు చూసి గట్టు మీదే ఆగిపోయారు.

"మొలక లేదు, ఏం లేదు, దున్నుర్రి!" అని గుమాస్తా అరిచాడు.

వాళ్లలో పెద్దాయన కాడి విప్పాడు. "పచ్చి సాలయ్యా. లోపల గింజున్నది. మాతోని గాదు."

"మిలిటరీని పిలుస్త!"

"పిలువుర్రి. ఆళ్లకు దున్న వస్తదో రాదో, జర సూద్దాం."

నేను గొర్రు ఆపి చూస్తున్నాను. అమ్మ నా మీద కేకేసింది: "ఏం సూస్తున్నవ్‌రా? ఇంక సగం చేనుంది. ఎడ్లను నడుపు."

నడిపాను.