ఎత్తు ఎక్కే సైకిలు

నందికొండలో మా ఇల్లు పైలాన్ కాలనీలో ఉంటుంది, నా ఆఫీసు హిల్ కాలనీలో. ఆ మధ్య ఉన్న ఎత్తును ఇరవై రెండేళ్లు నేను షేర్ ఆటోలోనే ఎక్కాను. ఆటో నిండేదాకా కదలదు. ముందు ఇద్దరు, వెనక ఐదుగురు సర్దుకుని కూర్చున్నాక కూడా డ్రైవరు ఇంకో మనిషి కోసం చాయ్ తాగుతూ రోడ్డు వైపు చూస్తుంటాడు. అదొక బాధ అని నాకు చాలాకాలం అనిపించలేదు. మా ఆఫీసులో ముఖం చూసి హాజరు వేసే మెషిన్ పెట్టాక అనిపించింది. మునుపటి హెడ్ గుమాస్తా అయితే పది నిమిషాల ఆలస్యాన్ని చూసీచూడనట్టు వదిలేసేవాడు. ఈ మెషిన్‌కు ఆ మర్యాద తెలియదు. మూడు ఆలస్యాలకు ఒక సెలవు కోసేస్తుంది.

స్కూటీ కొనుక్కోమని అందరూ చెప్పేవారే. నా ఎడమ మణికట్టు చూపిస్తే అప్పుడు ఊరుకునేవారు. పెళ్లయిన కొత్తలో మా ఆయన నాకు స్కూటీ నేర్పుతానని వెనక కూర్చుని, ఒకే గుక్కలో బ్రేకు వెయ్యమని, రేజ్ చెయ్యమని అరిచాడు. నేను రెండూ చేశాను. నల్లా గద్దెకు గుద్దుకుని మణికట్టు విరిగింది. ఆ తర్వాత స్కూటీ హ్యాండిలు ముట్టుకోలేదు. సైకిలు మాత్రం చిన్నప్పుడు మా బాపు సైకిలు మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచి తొక్కుతూ నేర్చుకున్నాను, అది మరిచిపోలేదు. కాకపోతే మోకాలు నొప్పి. ఎత్తు మీద పెడలు తొక్కితే ఉన్న మోకాలు కూడా పోతుందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. అందుకే మా ఊరి డ్యామ్ చూడ్డానికి వచ్చిన ఒకావిడ కరెంటు సైకిలు మీద నిమ్మళంగా పోవడం చూసినరోజే నేను నిర్ణయించుకున్నాను.

నిర్ణయించుకున్నది నేనే అయినా ఎంచుకునే పని నాకు రానివ్వలేదు. మా ఆయన టూరిజం లాంచీ నడుపుతాడు. కనుక తిరిగేది, మోగేది ఏదైనా తనకు తెలుసని ఆయన నమ్మకం. నెల రోజులు అన్నం తింటూ ఫోనులో సైకిళ్ల వీడియోలు చూశాడు. టైర్ల గురించి, లైట్ల గురించి నాకు పాఠాలు చెప్పాడు. మన ఎత్తు ఎక్కుతుందా అని నేను అడిగితే, అదొక పెద్ద విషయమా అన్నట్టు చెయ్యి ఊపేవాడు.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక బస్సెక్కి నల్గొండ పోయాం. బస్టాండు దగ్గర్లోని దుకాణం సేటు మమ్మల్ని కూర్చోబెట్టి మొదట అరగంట స్కూటర్లే చూపించాడు. సైకిలు కావాలని నేను మూడోసారి చెప్పాక, ఈ వయసులో సైకిలు ఎందుకు మేడం అన్నాడు. అక్కడి నుంచి సేటు మాటలన్నీ మా ఆయనతోనే. బ్యాటరీ గురించి ఆయనకు చెప్పాడు, మోటరు గురించి ఆయనకు చెప్పాడు. నా వైపు తిరిగి అడిగింది ఒక్కటే, ఏ రంగు కావాలని. నేను రంగు చెప్పలేదు. ఎత్తు ఎక్కుతుందా అని అడిగాను.

"ఎందుకెక్కది మేడం, మస్తు ఎక్కుతది," అన్నాడు సేటు.

మా ఆయన కూడా తలూపాడు. దుకాణం ముందు చదునుగా ఉన్న రోడ్డు మీద నాతో రెండు చక్కర్లు కొట్టించారు. చదునులో బాగానే పోయింది. లావు టైర్లున్న పెద్ద సైకిలును మా ఆయన ఎంచాడు. అది దున్నపోతులా ఉందని నేనంటే, బలం అంటే అట్లే ఉంటుందన్నాడు. ఒక ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాం.

మర్నాడు పొద్దున పైలాన్ కాలనీ దాటి ఎత్తు మొదలయ్యేదాకా నేను రాణిలా పోయాను. మొదటి మలుపులో మోటరు మూలిగింది. రెండో మలుపు రాకముందే ఆగిపోయింది. దిగి నెట్టాను. అంత బరువైన వస్తువును నేనెన్నడూ నెట్టలేదు. నెడుతుంటే వెనక నుంచి నేను రోజూ ఎక్కే ఆటో వచ్చి నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి, సైకిలును పైన కట్టుకుందాం ఎక్కు అక్కా అన్నాడు. లోపలున్న ఏడుగురూ నన్నే చూశారు. వద్దని నెట్టుకుంటూ పోయాను. ఆఫీసు చేరేసరికి చెమటతో తడిసిన నా ముఖాన్ని మెషిన్ మొదట గుర్తుపట్టనే లేదు. గుర్తుపట్టాక ఆలస్యం అని చూపింది.

సాయంత్రం ఈ సంగతి చెబితే మా ఆయన నాకు నడపరాలేదన్నాడు. సరే నువ్వే పో అన్నాను. పోయాడు. చానాసేపటికి తిరిగి వచ్చి, టైర్లలో గాలి తక్కువుంది అన్నాడు. చొక్కా మొత్తం వీపుకు అతుక్కుని ఉంది.

మళ్లీ ట్రాలీ ఆటో, మళ్లీ నల్గొండ. ఈసారి మా ఆయన్ను మాట్లాడొద్దని దారిలోనే చెప్పాను. సేటు సైకిలు చుట్టూ తిరిగి చూసి, అన్నీ సక్కగున్నాయన్నాడు. ఎక్కేవాళ్ల బరువును బట్టి కూడా ఉంటుందని, నా వైపు చూడకుండా చెప్పాడు. అప్పటిదాకా ఆపుకున్న కోపం అక్కడ కట్ట తెంచుకుంది. ఆ దుకాణం వెనక వీధిలో గుట్ట వైపు లేచే సిమెంటు రోడ్డు ఒకటుంది. దాన్ని చూపించాను.

"నువ్వెక్కు సేటు. గా కొస దాంక పోయిరా. నువ్వెక్కినవంటే నేనేం మాట్లాడకుండ సైకిలు తీస్కపోత," అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. పక్క దుకాణాల వాళ్లు చూస్తున్నారు కనుక ఆయనకు ఎక్కక తప్పలేదు. సగం దూరం పోయాక మోటరు అదే మూలుగు మూలిగింది. సేటు లేచి నిలబడి పెడళ్లు తొక్కాడు, వంకర టింకరగా నాలుగు గజాలు పోయి దిగాడు. సైకిలును పట్టుకుని కిందికి వస్తుంటే దాన్ని ఆపలేక ఆయనే దాని వెంట పరిగెత్తాడు. వచ్చి స్టూలు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు. అప్పుడు మొదటిసారి నాతో మాట్లాడాడు.

"నిజం చెప్తున్న చెల్లె. దీనికి మోటరు చక్రంల ఉంటది. ప్లేన్ల మంచిగ పోతది. మీ ఎత్తుకు పెడలు కాడ మోటరున్నది గావాలె. గది నా దగ్గర లేదు. గందుకే చెప్పలే."

ఆ ముక్క మొదటిరోజే చెబితే నా వీపు ఇట్లా పట్టేసేది కాదు కదా అన్నాను. ఆయన బిల్లు పుస్తకం తీశాడు. సైకిలును వాపసు పెట్టుకుంటానని, సరైనది హైదరాబాదు నుంచి వారంలో తెప్పిస్తానని చెప్పాడు. ఆ వారం ఆరు వారాలైంది. ప్రతి సోమవారం తానే ఫోను చేసి, ఈ వారం ఖాయం చెల్లె అనేవాడు. ఆ ఆరు వారాల్లో షేర్ ఆటో నా సెలవులు రెండు మింగింది.

చివరికి వచ్చిందంటే మళ్లీ నల్గొండ పోయాం. చూస్తే మామూలు సైకిలులాగే బక్కగా ఉంది. మా ఆయన ముఖం చిన్నబోయింది. నేను ఎవర్నీ అడగకుండా దాన్ని తీసుకుని ఆ సిమెంటు రోడ్డు మీదికి పోయాను. మోకాలికి తెలియకుండా పెడలు తిరిగింది. కొస దాకా పోయి ఆగాను. అక్కడ ఒక నీళ్ల ట్యాంకు, ఎండబెట్టిన మిరపకాయలు తప్ప ఏమీ లేవు. అయినా కాసేపు అక్కడే నిలబడిపోయాను. మా బాపు డ్యామ్ పనికి కూలీగా వచ్చి, తర్వాత కాలువల మీద పనోడుగా కుదిరాడు. రోజూ పనిముట్ల సంచీ కట్టిన సైకిలును హిల్ కాలనీకి నెట్టుకుంటూ పోయేవాడు. ఎత్తు మీద సైకిలును నెట్టాలి, దిగేటప్పుడు ఎక్కి కూర్చోవాలి, అదే పద్ధతి అని నేను చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆయన ముప్పయ్యేళ్లు నెట్టాడు. ఒక్కసారైనా విసుక్కున్నట్టు గుర్తులేదు. ఆ ఓపిక నాకు రాలేదు, రానందుకు ఆ రోజు సంతోషించాను.

కష్టాలు అంతటితో తీరాయని కాదు. రెండో వారంలోనే ఆఫీసు షెడ్డులో కోతులు సీటు పీకి, హ్యాండిలు మీది రబ్బరు తిని, వైరు ఒకటి తెంపాయి. అటెండరు పక్కనే నిలబడి చూశాడట. కోతుల్ని అదిలించడం తన డ్యూటీలో లేదన్నాడు. లాంచీకి వాడే మందపాటి గుడ్డతో మా ఆయన ఒక ముసుగు కుట్టాడు. బాగా కుట్టాడు, అది ఒప్పుకోవాలి.

ఆఫీసు పదిన్నరకైతే ఇప్పుడు నాది పదీ ఇరవైకల్లా హాజరు. మెషిన్ నన్ను చూసి ఏమీ అనదు. ఇబ్బందల్లా మా ఆయనతోనే. బక్క సైకిలు అని ముఖం చిన్నబుచ్చుకున్న మనిషి సాయంత్రం చేపలకు పోతే దాని మీదే, దోస్తుల దగ్గరికి పోతే దాని మీదే. తిరిగి వచ్చి బ్యాటరీ చార్జింగు పెట్టడు. పొద్దున నేను తాళం తిప్పితే ఒక్క గీతే వెలుగుతుంది. అడిగితే, చార్జింగు చానాసేపు పెడితే బ్యాటరీ పాడైతదని వీడియోలో చెప్పారంటాడు. మూడుసార్లు పోట్లాడాను. నాలుగోసారి పోట్లాడలేదు. బ్యాటరీ ఊడదీసి, బీరువాలో నా చీరల కింద పెట్టి తాళం వేస్తున్నాను.